పేగుల గిన్నె, ఫ్రెంచి పిల్ల: పోర్తో రెండు వంటలు

పోర్చుగల్‌లో పోర్తో వాళ్లను ‘త్రిపెయిరో’లంటారు. పేగులు తినేవాళ్లని అర్థం. ఎగతాళిగా వినిపించే ఆ పేరును ఊరివాళ్లు బిరుదులా మోస్తున్నారు. దాని వెనక ఒక కథ ఉంది. 1415లో ఉత్తర ఆఫ్రికాలోని సెయూతా మీదికి దండు కదిలినప్పుడు, ఇదే ఊళ్లో పుట్టిన రాజకుమారుడు హెన్రిక్ ఓడలకు జనం మంచి మాంసమంతా ఇచ్చేశారట. తమకు పొట్ట, పేగులే మిగుల్చుకున్నారట. అలా పుట్టిందని చెప్పే వంటే త్రిపాస్.

ఆ దండు సాధించిన సెయూతా విజయాన్నే సావ్ బెంతో రైల్వే స్టేషన్ గోడ మీద చూడొచ్చు. 1916లో ప్రారంభమైన ఈ స్టేషన్ హాలును జోర్జ్ కొలాసో సుమారు ఇరవై వేల పలకలతో చిత్రించాడు. నీలం, తెలుపు రంగుల్లో యుద్ధాలు, రాజుల ఊరేగింపులు కనబడతాయి. సెయూతా పలకల్లో కన్ను ముందు రాకుమారుడి మీదే పడుతుంది. ఆ దండుకు తిండి పెట్టినవాళ్ల సంగతి తెలియాలంటే స్టేషన్ దాటి భోజనశాలకు వెళ్లాలి. గోడ గెలుపును చెబుతుంది, గిన్నె ఖర్చును చెబుతుంది.

అయితే ఆ గిన్నె కథనూ పూర్తిగా నమ్మనక్కర్లేదు. పేదవాళ్లు అన్నిచోట్లా పొట్ట, పేగులు వండుకున్నారు. తెలంగాణలో బోటి కూరకు ఏ రాకుమారుడి దండయాత్రా అవసరం పడలేదు. లేమిని త్యాగంగా చెప్పుకోవడం ఊరి అభిమానం. వంటకు మాత్రం ఆ కథ ఊతం అక్కర్లేదు. పశువు పొట్ట, దూడ కాలు, తెల్ల చిక్కుడు గింజలు, సాసేజి నిదానంగా ఉడికి చిక్కబడతాయి. జీలకర్ర వాసన, పక్కన అన్నం చూస్తే తెలుగువాడికి కొత్త అనిపించదు.

రెండో వంట ఫ్రాన్సెజీన్యాది వేరే దారి. పేరుకు ‘చిన్న ఫ్రెంచి పిల్ల’ అని అర్థం. విదేశాల్లో పనిచేసి వచ్చిన దనియెల్ దా సిల్వా 1950లలో పోర్తోలో దీన్ని తయారుచేశాడని, ఫ్రాన్సువారి చీజు, హామ్ శాండ్‌విచ్చే దీనికి మూలమని చెబుతారు. రొట్టె ముక్కల మధ్య హామ్, సాసేజి, మాంసపు ముక్క పెట్టి, పైన చీజు కరిగించి, టమాటా, బీరు, కారం కలిసిన వేడి పులుసు పోస్తారు. తరచు పైన గుడ్డు, చుట్టూ బంగాళదుంప వేపుడు కూడా ఉంటాయి. ఒక్క పళ్లెంలో ఇన్ని మాంసాలు పోట్లాడుకుంటుంటే సర్దిచెప్పేది పులుసే. అది బాగా కుదరకపోతే మిగిలేది బరువే.

త్రిపాస్‌కు స్టేషన్ గోడలాగే, ఫ్రాన్సెజీన్యాకు జోడు దోరో నది మీది లూయిష్ వంతెన. 1886లో ప్రారంభమైన ఈ రెండంతస్తుల ఇనుప వంతెన రూపకర్త తెయోఫిల్ సెరిగ్, గుస్తావ్ ఐఫెల్ మాజీ భాగస్వామి. కట్టింది బెల్జియం సంస్థ. 172 మీటర్ల విల్లు, పై అంతస్తులో మెట్రో, పాదచారులు. బయటివాళ్లు గీసి బయటివాళ్లు కట్టిన ఈ వంతెన లేకుండా ఇవాళ పోర్తో బొమ్మే లేదు. ఫ్రాన్సెజీన్యా కూడా అంతే. అరువు తెచ్చుకున్నదే ఊరి గుర్తయింది. కాకపోతే వంతెనకు ఊరు తన రాజు పేరు పెట్టుకుంది, వంటకు మాత్రం ఆ అప్పునే పేరుగా ఉంచింది.

రుచిలో నా ఓటు త్రిపాస్‌కే. అందులో ఓపిక ఉంది, ఫ్రాన్సెజీన్యాలో ఆర్భాటం ఎక్కువ. నిజాయితీలో మాత్రం ఫ్రెంచి పిల్లదే పైచేయి. ఒకటి తన పుట్టుకకు వీరగాథ అల్లుకుంది, రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో పేరులోనే ఒప్పుకుంది.

వెళ్లేవాళ్లకు ఒక మాట. పశుమాంసం, పందిమాంసం తినేవాళ్లయితేనే ఈ రెండూ. పొద్దున స్టేషన్ పలకలు చూసి మధ్యాహ్నం త్రిపాస్ తినండి. కొన్నిచోట్ల వారంలో ఏదో ఒక రోజే వండుతారు కనుక ముందే అడగండి. సాయంత్రం వంతెన దాటి నదికి అవతలి గాయా ఒడ్డు నుంచి ఊరిని చూసి, తిరిగొచ్చాక ఒక ఫ్రాన్సెజీన్యాను ఇద్దరు పంచుకోండి. ఒక్కరికి అది ఎక్కువే.