సునీల్ జానా తల వంచి తీసిన ఫొటోలు

ఫొటోగ్రాఫర్ సునీల్ జానా ఫొటోల్లోని రైతుల్ని, కూలీల్ని చూడండి. చాలామంది మనకంటే ఎత్తులో నిలబడి కనిపిస్తారు. ఆయన వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాకి అందులో సగం వాటా ఉంది. దాన్ని కంటికి ఆనించరు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలో బొమ్మ చూసుకుంటారు. లెన్సు నడుము ఎత్తు నుంచి చూస్తుంది కాబట్టి కూలిమనిషి వెనక ఆకాశం వచ్చి నిలుస్తుంది. పైగా గాజులో కుడి ఎడమవుతుంది. మనిషి కుడికి నడిస్తే బొమ్మ ఎడమకి జరుగుతుంది. రీలుకి పన్నెండే ఫొటోలు. అలాంటి పెట్టెతో ఆదివాసుల నాట్యాల్ని, గని కార్మికుల్ని అంత పొందికగా పట్టాడంటే ఆ చేతికి దండం పెట్టాలి.

జానా 1918లో అస్సాంలోని డిబ్రూగఢ్‌లో పుట్టాడు, కలకత్తాలో పెరిగాడు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుంటున్న కుర్రాణ్ణి 1943లో కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి బెంగాల్ కరువులోకి తీసుకెళ్ళాడు. చిత్రకారుడు చిత్తప్రసాద్ బొమ్మలు గీశాడు, జానా ఫొటోలు తీశాడు. అవి పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో అచ్చయ్యాయి. ఎముకలు తేలిన ఒంట్లోనూ మనిషి ముఖాన్ని వెతికిన ఫొటోలవి. తర్వాత లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ జానాతో కలిసి తిరిగింది. ఆమె గొప్పదే, కాదనను. నా ఓటు మాత్రం జానాకే. ఆమె ఈ దేశం చూడ్డానికి వచ్చింది, ఆయన ఇక్కడి మనిషి.

తుపాకులు పట్టిన తెలంగాణ పల్లె స్త్రీల ఫొటో తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఫ్లెక్సీల మీద చూస్తాం, వాట్సాప్‌లో చూస్తాం. తీసిన జానా పేరు ఎక్కడుంది? ఫొటో వాడుకుని పేరు కోసేసేవాళ్ళని దొంగలనే అనాలి.

ఆయన శైలికి నకళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఎవరో ముసలమ్మని కలర్‌లో తీసి, రంగు పీకేసి, ముడతల మీద కాంట్రాస్టు పెంచి డాక్యుమెంటరీ అంటున్నారు. ఆ అవ్వ పేరేంటి? ఏ ఊరు? పింఛనొస్తోందా? తీసినవాడికి తెలియదు, అడగలేదు కూడా. ఫీజు కట్టించుకుని పదిమంది కెమెరాలవాళ్ళని గుడిసెల మధ్య తిప్పే వర్క్‌షాపులూ వచ్చాయి. జానాని గురువంటూ ఈ పని చేస్తుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన 2012లో అమెరికాలో కన్నుమూశాడు. ఆ ఏడే పద్మభూషణ్ ఇచ్చారు, మరీ ఆలస్యంగా.

జానా లాగే మన జిల్లాల్లోనూ పత్రికలకి జీవితమంతా ఫొటోలు తీసి రిటైరైనవాళ్ళున్నారు. వాళ్ళ నెగటివ్‌లు అటకల మీద అట్టపెట్టెల్లో బూజు పట్టి అతుక్కుపోతున్నాయి. తుపాన్లు, కరువులు, ధర్నాలు అన్నీ వాటిలో ఉన్నాయి. యూనివర్సిటీల వాళ్ళకి, పత్రికల యాజమాన్యాలకి చేతులు జోడించి అడుగుతున్నాను: వాటిని స్కాన్ చేయించండి. ఏ ఊళ్ళో, ఏ రోజున తీశారో, ఫొటోలో ఉన్నదెవరో ఆ పెద్దవాళ్ళు బతికుండగానే పక్కన కూర్చుని రాయించుకోండి.