శూర్పణఖ తోట, నా బట్టతల

మొదటిసారి గుండు చేయించుకుని ఆఫీసుకి వెళ్ళినప్పుడు నాకు 29 ఏళ్ళు. లిఫ్టులో, క్యాంటీన్లో, పొద్దున్న స్టాండప్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "తిరుపతి వెళ్ళొచ్చావా?" అవునన్నాను. అంత సులువైన అబద్ధం నేనింకెప్పుడూ ఆడలేదు. మన దగ్గర గుండుకి ఉన్న గౌరవం బట్టతలకి లేదు మరి. చిక్కల్లా రెండు నెలల తర్వాత వచ్చింది. "మళ్ళీ వెళ్ళావా? ఏం మొక్కు బాబూ అది?" అన్నాడు మా టీమ్ లీడ్. నవ్వేసి ఊరుకున్నాను.

ఓల్గా 'సమాగమం' కథ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇదే గుర్తొచ్చింది. ఆ కథ మీద స్త్రీవాద కోణం నుంచి చాలామంది రాశారు, రాయాలి కూడా. నేను చదివింది మాత్రం వేరే అవసరంతో. అదేమిటో చెప్పకుండా కథ గురించి మాట్లాడితే దొంగతనంగా ఉంటుంది.

గుండుకి ముందు ఐదేళ్ళు మినాక్సిడిల్ వాడాను. అది ఒకప్పటి బీపీ మందు. వాడినన్నాళ్ళే పనిచేస్తుంది, ఆపితే వచ్చిందీ పోతుంది. మొదలుపెట్టిన కొత్తలో ఉన్న జుట్టు కూడా కొంత రాలుతుంది. అలా రాలడం మంచి సూచనే అంటారు గానీ, దిండు మీద వెంట్రుకలు లెక్కపెట్టుకునేవాడికి ఆ మాట తలకెక్కదు. బట్టతలని ఒకటి నుంచి ఏడు దాకా కొలిచే నార్వుడ్ స్కేలు ఒకటుంది. నేను మూడు నుంచి అయిదుకి ఎలా జారానో నా ఫోన్లో తేదీలవారీగా ఫొటోలున్నాయి. ఇంజనీర్ని కదా, లాగ్స్ లేకపోతే నిద్రపట్టదు. హైదరాబాదులో ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడి కౌన్సెలర్ నా నుదుటి మీద మార్కర్‌తో గీత గీసి, ఎన్ని గ్రాఫ్టులు పడతాయో లెక్కకట్టి, "పెళ్ళిచూపులకి ముందే చేయించేసుకోండి సార్" అన్నాడు. ఆ గీత తుడుచుకోవడం మర్చిపోయి మెట్రో ఎక్కేశాను.

ఇంకో సంగతి ఉంది, చెప్పడం కష్టంగానే ఉంది. ఆ రోజుల్లోనే ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో చూసి, కాస్త లావుగా ఉందని అమ్మతో వద్దని చెప్పించాను. వాళ్ళకి మేం పంపిన ఫొటోలో నా తల మీద క్యాప్ ఉంది.

2017లో వచ్చిన కన్నడ సినిమా 'ఒందు మొట్టెయ కథె' చూసినప్పుడు ఈ సంగతే గుచ్చుకుంది. రాజ్ బి. శెట్టి తన సొంత బట్టతలతోనే నటించిన సినిమా. తన తల చూసి అందరూ కాదంటున్నారని కుమిలిపోయే కన్నడ లెక్చరరు, బొద్దుగా ఉన్న అమ్మాయి ఎదురైతే తనే వెనకాడతాడు. మన తెలుగు సినిమాలకి ఆ ధైర్యం లేదు. 'సైజ్ జీరో' (2015) కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది, అది చిన్న విషయం కాదు. కానీ రెండో సగానికొచ్చేసరికి సినిమా మొత్తం ఒక స్లిమ్మింగ్ సెంటర్ మీద యుద్ధంగా మారిపోతుంది. విలన్ దొరికాడు కాబట్టి, ఆ అమ్మాయి పొద్దున్న అద్దం ముందు నిలబడి ఏమనుకుంటోందో చూపించాల్సిన పని తప్పిపోయింది. అవసరాల శ్రీనివాస్ రాసి నటించిన 'నూటొక్క జిల్లాల అందగాడు' (2021) నాకిష్టమే. విగ్గు ఊడిపోతుందేమోనన్న భయాన్ని అంత దగ్గరగా చూపించిన తెలుగు సినిమా నేనింకోటి చూడలేదు. అయినా దాన్ని నడిపించే ప్రశ్న ఒకటే: అంజలికి తెలిస్తే ఏమంటుంది? అంటే, నన్ను నేను ఒప్పుకోవడానికి ముందు ఇంకొకరు నన్ను ఒప్పుకోవాలి. ఓటీపీ వాళ్ళ ఫోన్‌కి వెళ్తుంది, మనం ఇక్కడ ఎదురుచూస్తూ కూర్చోవాలి.

'సమాగమం'లో ఈ వరస తిరగబడింది. నేను ఈ కథని పట్టుకుని వేలాడడానికి కారణం అదే.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన 'విముక్త' సంపుటిలోది ఇది. రాముడు వదిలేశాక సీత వాల్మీకి ఆశ్రమంలో పిల్లల్ని పెంచుకుంటోంది. లవకుశులు అడవిలో ఒక అందమైన తోట చూసి వస్తారు. ఆ తోటలో ఉన్నావిడ మాత్రం చాలా అనాకారి అని అమ్మకి చెప్తారు. సీత వెళ్ళి చూస్తే ఆవిడ శూర్పణఖ. ముక్కూ చెవులూ కోయించుకున్న మనిషీ, అడవిపాలైన మనిషీ కూర్చుని మాట్లాడుకుంటారు. కథలో జరిగేది ఇంతే.

వాల్మీకిలో శూర్పణఖ మొదటినుంచీ కురూపే. రాముడి అందం పక్కన ఆవిడ వికారాన్ని ఒక్కొక్కటిగా పేర్చి చూపిస్తాడు కవి. ఓల్గా శూర్పణఖ అలా కాదు, అందాన్ని ఆరాధించిన మనిషి. అందుకే ఆ కోత రెండింతలు తెగింది. నా రాలిన వెంట్రుకల్ని ఆవిడ ముక్కుతో పోల్చడం లేదు, అంత సిగ్గులేనివాణ్ణి కాదు. నా మీద ఎవరూ కత్తి ఎత్తలేదు. ఆవిడ మీద ఎత్తారు, అదీ ఇంకొకరికి కబురు పంపడానికి. ఇద్దరు మగవాళ్ళ వైరంలో ఆడవాళ్ళ శరీరాలు పావులయ్యాయన్న స్పృహ కథలో ఉంది. ఆవిడ కోలుకున్నంత మాత్రాన కోసినవాళ్ళ ఖాతా మాఫీ కాదు. యాక్సెప్టెన్స్ అనగానే క్షమించేయడం అని అర్థం చేసుకునేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చదవాలి.

నన్ను పట్టుకున్న చోటు వేరే ఉంది. కోలుకోకముందు తను ఎలా ఉండేదో శూర్పణఖ దాచదు. అందంగా కనిపించే ప్రతిదాన్నీ ద్వేషించానంటుంది, అన్నిటినీ వికారం చేసేయాలనిపించేదంటుంది. ఈ దశ గురించి మనవాళ్ళు రాయరు. బాధ రాస్తారు, ఆ తర్వాత వెలుగు రాస్తారు. మధ్యలోని విషం రాయరు. ఒత్తుగా జుట్టున్న కొలీగ్ ప్రెజెంటేషన్ ఇస్తుంటే, అతని కోడ్‌లో బగ్ దొరకాలని కోరుకున్న సాయంత్రాలు నాకు తెలుసు. క్యాప్ పెట్టుకుని ఇంకొకరి ఒంటికి మార్కులు వేసిన చెయ్యి కూడా ఆ విషంలోదే. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరా దగ్గర పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆవిడ మొక్కలు పెంచుతుంది. ప్రకృతిలో రూపాల్నీ రూపం లేనివాటినీ చూడ్డం నేర్చుకుంటుంది, తన చేతులు ఏం చేయగలవో తెలుసుకుంటుంది. సుధీరుడనే తోడు దొరకడం ఆ తర్వాతి సంగతి. మగవాడితో బంధంలోనే స్త్రీ జీవితానికి అర్థం లేదని తెలిశాకే ఈ స్నేహం దొరికిందని ఆవిడే సీతతో చెప్తుంది. ముందు చేతులు, తర్వాత మనిషి. 'నూటొక్క జిల్లాల'లో లేనిది ఈ వరసే.

తెలుగులో ఈ పనికి మంచి మాట లేకపోవడం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. "ఏం చేస్తాం, సరిపెట్టుకో" అనేది మా నాన్న. సరిపెట్టుకోవడంలో నష్టం లెక్క అలాగే ఉంటుంది, అడగడం మానేస్తామంతే. శూర్పణఖ సరిపెట్టుకోలేదు. ఆవిడ చూపు వేరేచోటికి వెళ్ళింది.

ఇక నా ఫిర్యాదు. ఆ చూపు మారడం అనే అతి కష్టమైన పని, ఎన్నో ఏళ్ళు పట్టినది, కథలో శూర్పణఖ నోటి మాటగా కొన్ని పేరాల్లో అయిపోతుంది. 'విముక్త' కథలన్నిటిలోనూ ఉన్న చిక్కే ఇది: తెలుసుకున్నవాళ్ళు తెలుసుకోబోయేవాళ్ళకి చెప్తారు. అహల్య అయినా, రేణుక అయినా ఒకే గొంతుతో, ఒకే తేటదనంతో మాట్లాడతారు. వాళ్ళు చెప్పేదాంతో నాకు పేచీ లేదు. కానీ ఒంటి మీద అసహ్యం వాదనతో పోదు. పోతే నాది మొదటి వారంలోనే పోయేది, ఆర్టికల్స్ అన్ని చదివాను. శూర్పణఖ నాటిన మొదటి మొక్క చచ్చిపోయిందా? నీళ్ళు ముంచుకోవడానికి వంగినప్పుడు మొహం కనిపిస్తే ఏం చేసింది? కళ్ళు మూసుకుందా, కుండతో నీళ్ళు చెదరగొట్టిందా? ఆ ఒక్క పేజీ ఉంటే ఈ కథ నా దగ్గర ఇంకో పదేళ్ళు ఉండేది.

ఇంకో అనుమానం కూడా ఉంది. తోట మరీ అందంగా ఉంది. ముఖంలో పోయిన అందం తోటలో వడ్డీతో సహా తిరిగొచ్చినట్టు. చూడ్డానికి బాగోని మనిషి ఇంకేదో గొప్పగా చేసి చూపిస్తేనే లెక్కలోకి వస్తుందా? శూర్పణఖ నాలుగు వంగ మొక్కలు వేసుకుని, పురుగు పట్టిందని విసుక్కుంటూ బతికితే సీత ఆగి మాట్లాడేదా? ఓల్గా అలా అనుకుని ఉండరు. కానీ కథ ఆ అర్థానికి దారి వదిలింది.

కథలో లవకుశుల్ని ఇంకాసేపు ఉంచాల్సిందని కూడా అనిపిస్తుంది. మొదటిరోజు వికారం చూసిన పిల్లలు, పదోరోజు ఏం చూసి ఉంటారు? పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు, నాలుగేళ్ళవాడు, నా ఒళ్ళో కూర్చుని తల నిమురుతూ, "మామయ్యా, నీ జుట్టేది?" అన్నాడు. వంటింట్లోంచి అక్క "ఒరేయ్!" అని అరిచింది. "రాలిపోయిందిరా" అన్నాను. తిరుపతి పేరు ఎత్తలేదు. వాడు ఇంకాసేపు నిమిరి, గరుకుగా ఉందని చెప్పి, గాలిపటం దారం చిక్కు తీయమని నా చేతిలో పెట్టాడు.