స్వరకర్త విజయాన్ని అంచనా వేయడం: రిచర్డ్ రోజర్స్ రంగస్థల జీవితం

ఒక స్వరకర్త విజయం సాధించారని దేన్నిబట్టి చెబుతాం? నాటకం ఎన్నిసార్లు ఆడిందో లెక్కించి చెప్పవచ్చు. జనం నోట నిలిచిన పాటలనుబట్టి చెప్పవచ్చు. అమెరికన్ స్వరకర్త రిచర్డ్ రోజర్స్ (1902–1979) ఈ రెండు కొలతలకూ నిలుస్తారు. అయితే నాటక విమర్శకు ఇవి చాలవు. పాట నాటకంలో ఏ పని చేస్తున్నది అనే మూడో ప్రశ్న కూడా వేయాలి. ఈ భాగంలో రోజర్స్ కృషిని ఆ ప్రశ్నతో పరిశీలిద్దాం.

1. బాణీ ముందు, మాట తరువాత

రోజర్స్‌కు గీత రచయిత లోరెంజ్ హార్ట్‌తో 1919లో పరిచయమైంది. 1925లో 'ది గారిక్ గెయిటీస్' వారికి పేరు తెచ్చింది. సాధారణంగా రోజర్స్ ముందు బాణీ కట్టేవారు, హార్ట్ దానికి మాటలు కూర్చేవారు. ఈ పద్ధతి మీకు కొత్త కాదు. మన సినిమా పాటలు చాలావరకు ఇలా పుట్టినవే. 1937 నాటి 'బేబ్స్ ఇన్ ఆర్మ్స్'లోని 'మై ఫన్నీ వాలెంటైన్' పాటను జాజ్ గాయకులు నేటికీ పాడుతున్నారు. నాటకం కథ తెలియకపోయినా ఆ పాటను ఆస్వాదించగలం. పాటకు అది బలమే. కానీ నాటకం నుంచి అంత తేలికగా విడివడే పాట నాటకాన్ని ముందుకు నడిపిందని చెప్పలేం. మన పద్య నాటకాల్లో ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అనగానే కథ ఆగి, పద్యం మళ్లీ మొదలయ్యేది. గాయకుడు గెలిచిన ఆ క్షణంలో పాత్ర పక్కకు తప్పుకొనేది. రెండుచోట్లా ఉన్న సమస్య ఒకటే.

2. మాట ముందు, బాణీ తరువాత

1943లో రోజర్స్ ఆస్కార్ హామర్‌స్టైన్‌తో కలిసి 'ఒక్లహోమా!' రూపొందించారు. ఆ ఏడాది చివరిలోనే హార్ట్ మరణించారు. కొత్త జంటలో వరుస మారింది. ఎక్కువగా హామర్‌స్టైన్ ముందు గీతం రాసి ఇచ్చేవారు, రోజర్స్ దానికి స్వరం కట్టేవారు. ఈ నాటకం తెర లేవగానే నర్తకీమణుల బృందం కనిపించదు. ఒక పెద్దావిడ వెన్న చిలుకుతూ ఉంటుంది. తెర వెనుక నుంచి ఒక పశువుల కాపరి పాట మెల్లగా వినిపిస్తుంది. మూడు మాత్రల తీరికైన నడకలో సాగే ఆ బాణీ ఊరినీ ఉదయాన్నీ పాత్ర స్వభావాన్నీ ఒకేసారి పరిచయం చేస్తుంది. ఈ నాటకం బ్రాడ్వేలో 2,212 ప్రదర్శనలు జరుపుకొంది.

1945 నాటి 'కరొసెల్'లో ఈ పద్ధతి మరింత పదునెక్కింది. ప్రేమను ఒప్పుకోలేని ఇద్దరు, ఒకవేళ ప్రేమిస్తే ఎలా ఉంటుందో ఊహించి పాడుకుంటారు. మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఆ పాటను తీసివేస్తే దృశ్యమే మిగలదు.

3. ఘనత ఎవరిది?

అయితే ఈ మార్పంతా హామర్‌స్టైన్ వల్లనే వచ్చిందా? మీరు తొందరపడి అవునని రాయకండి. 'కరొసెల్' ప్రారంభ దృశ్యంలో సంభాషణ లేదు, గీతం లేదు. తిరునాళ్ల సందడినీ నాయికా నాయకుల తొలి చూపునూ వాల్ట్జ్ సంగీతమే చెబుతుంది. మాటల సాయం లేకుండా కథ చెప్పగల శక్తి రోజర్స్‌కు ఉందనడానికి ఇదే నిదర్శనం.

అదే సమయంలో రెండో పక్షాన్నీ చూడాలి. 1960లో హామర్‌స్టైన్ మరణించారు. 1962లో 'నో స్ట్రింగ్స్'కు రోజర్స్ తానే గీతాలు రాసుకుని మెప్పించారు. కానీ 1976లో షెల్డన్ హార్నిక్ వంటి అనుభవజ్ఞుడైన గీత రచయితతో చేసిన 'రెక్స్' రెండు నెలలైనా నిలవలేదు. మంచి గీత రచయిత ఉంటే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. 'ఒక్లహోమా!', 'కరొసెల్' నాటకాల్లో గీతాలే కాదు, నాటక రచన కూడా హామర్‌స్టైన్‌దే. పాత్ర పాడక తప్పని సన్నివేశాన్ని ఆయన ముందుగా సిద్ధం చేసి ఇచ్చేవారు.

హార్ట్ కాలంనాటి చమత్కారం తరువాతి బాణీల్లో తగ్గిందని కొందరు విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజముంది. విడిగా వింటే తొలినాటి పాటలే ఎక్కువ మెరుస్తాయి. కానీ రంగస్థల సంగీతాన్ని విడిగా విని తీర్పు చెప్పడం సరికాదు. పాత్ర అవసరం కోసం తన మెరుపును తగ్గించుకోగలగడమే రోజర్స్ సాధించిన అసలైన విజయమని మా అభిప్రాయం. మీరు దీనితో ఏకీభవించనవసరం లేదు. విభేదిస్తే మాత్రం ఉదాహరణతో చెప్పండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

మీరు చూసిన ఒక నాటకంలోగాని, సినిమాలోగాని ఒక పాటను ఎంచుకోండి. దాన్ని తొలగిస్తే కథలో ఏది లోపిస్తుందో పది వాక్యాల్లో రాయండి.