జోక్ ఆపే హక్కు ఎవరిది? – ‘ది ఆఫీస్’ మళ్ళీ చూస్తే

ప్రతి టీమ్‌లోనూ ఒకడుంటాడు. లిఫ్ట్ తలుపు తెరుచుకోకముందే అతని గొంతు వినిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకి ముద్దుపేరు పెట్టేది అతనే, లంచ్ బాక్స్ మూత తియ్యగానే కామెంట్ వేసేదీ అతనే. నిజం చెప్పాలంటే, అతను సెలవు పెట్టిన రోజు ఫ్లోరంతా బోసిగానే ఉంటుంది. అలాంటివాణ్ణి వర్ణించమంటే మనలో చాలామందికి నోటికొచ్చే పేరు మైకేల్ స్కాట్. ‘ది ఆఫీస్’ అమెరికన్ వెర్షన్ 2005లో మొదలై 2013లో ముగిసింది. అయినా మీమ్స్ రూపంలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది. “మా మేనేజర్ అచ్చం మైకేల్ స్కాట్” అని కాస్త ముద్దుగానే అంటాం. ఆ ముద్దుతోనే నాకు పేచీ. ఇది జోకులేసేవాడి కథలా కనిపిస్తుంది గానీ, దీని అసలు విషయం ఆ జోకులు వినక తప్పనివాళ్ళు.

మొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి. కొత్తగా వచ్చిన కుర్రాడి ముందు తానెంత సరదా మనిషో చూపించుకోవాలని మైకేల్, రిసెప్షనిస్ట్ పామ్‌ని పిలుస్తాడు. పోస్ట్-ఇట్ కాగితాలు దొంగిలించావు కాబట్టి ఉద్యోగం తీసేస్తున్నానంటాడు. ఆమె ఏడుస్తుంది. అప్పుడు చెప్తాడు, ఊరికే అన్నానని. 2001 నాటి బ్రిటిష్ మూలంలో డేవిడ్ బ్రెంట్ కూడా డాన్‌తో ఇదే ఆట ఆడతాడు. రెండు చోట్లా అప్పటికే ఉద్యోగాల కోత గురించి గుసగుసలు నడుస్తున్నాయి. కాబట్టి ‘జోక్ పేలలేదు’ అని వదిలేస్తే సరిపోదు. దాన్ని మొదలుపెట్టే హక్కు, ఆపే హక్కు రెండూ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నది ఇలాంటివి చూసే.

ఈ సిరీస్ చేసిన గొప్ప పని ఒకటుంది. వెనకనుంచి వినిపించే నవ్వుల్ని తీసేసింది. మన టీవీ కామెడీ షోలలో పంచ్ పడగానే కెమెరా జడ్జీల మీదకి వెళ్తుంది. వాళ్ళు పడీపడీ నవ్వుతారు, మనమూ నవ్వాలని తెలుస్తుంది. లావుగా ఉన్న మనిషి మీదైనా, రంగు మీదైనా, యాస మీదైనా సరే. ‘ది ఆఫీస్’లో జోక్ తర్వాత కెమెరా ఎదుటివాళ్ళ ముఖం మీదకి వెళ్తుంది. అక్కడ సగం నవ్వు, చూపు తిప్పుకోవడం, కంప్యూటర్‌లోకి తల దూర్చడం కనిపిస్తాయి. నవ్వడం కూడా డ్యూటీలో భాగమే అని ఏ డైలాగూ లేకుండా తెలిసిపోతుంది. ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ‘ది మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకంలో, జీతం కోసం మనసుని దిద్దుకోవాల్సిన పనిని భావోద్వేగ శ్రమ అంది. విమానాల్లో పనిచేసేవాళ్ళ చిరునవ్వు గురించి ఆమె రాసింది మన టీమ్ లంచ్‌కీ సరిపోతుంది.

ఇక్కడ మనకో ప్రత్యేకమైన చిక్కుంది. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో పరిహాస సంబంధాల గురించి ఒక వ్యాసం రాశాడు. కొన్ని బంధుత్వాల్లో ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికి ఆచారమే అనుమతిస్తుందనీ, అవతలివాళ్ళు నొచ్చుకోకూడదనీ దాని సారాంశం. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బావామరదళ్ళ సరసాలు, పెళ్ళిలో వియ్యాలవారి మీద ఎకసెక్కాల పాటలు చూస్తూ పెరిగినవాళ్ళం. కానీ ఆ లైసెన్సుకి హద్దులున్నాయి. ఎవరిని అనొచ్చో, ఎంతవరకు అనొచ్చో అందరికీ తెలుసు. అన్నవాళ్ళు పడాలి కూడా. మన ఆఫీసుల్లో ‘మావా’, ‘బ్రో’, ‘అన్నా’ అనే పిలుపులు ఆ లైసెన్సుని అరువు తెచ్చుకుంటాయి, హద్దుల్ని మాత్రం ఇంటిదగ్గరే వదిలేసి వస్తాయి. టీమ్ లీడ్ జూనియర్‌ని “మావా, నీ శ్రీకాకుళం ఇంగ్లీష్‌తో క్లయింట్ కాల్ వద్దులే” అనగలడు. జూనియర్ తిరిగి అదే గొంతుతో అనలేడు. వరస కలిపినంత మాత్రాన అప్రైజల్ ఎక్కడికీ పోదు. పైగా యాసని కమెడియన్లకీ విలన్లకీ అప్పజెప్పిన సినిమాలు చూసి పెరిగాం కాబట్టి, నొచ్చుకున్న కుర్రాడికి అది అవమానమని గట్టిగా చెప్పడానికే నోరు రాదు. “స్పోర్టివ్‌గా తీసుకో” అన్న ఒక్క మాటతో తప్పు అన్నవాడి దగ్గర్నుంచి విన్నవాడి మీదకి మారిపోతుంది.

2009లో వచ్చిన ‘స్ట్రెస్ రిలీఫ్’ ఎపిసోడ్ ఈ విషయాన్ని చాలా దూరం తీసుకెళ్తుంది. గుండెపోటు వచ్చి కోలుకున్న స్టాన్లీ, ఒత్తిడిని కొలిచే చిన్న పరికరంతో ఆఫీసుకి వస్తాడు. మైకేల్ దగ్గరికి వస్తే అది మోగుతుంది, దూరం జరిగితే ఆగుతుంది. ఇన్నేళ్ళుగా ఆ నిర్లిప్తమైన ముఖం దాచిపెట్టింది ఒక యంత్రం చెప్పేస్తుంది. తర్వాత మైకేల్ తనని అందరూ ఏకిపారేసేలా ఒక కార్యక్రమం పెట్టిస్తాడు. తీరా వాళ్ళు ఆ పని చేస్తే తట్టుకోలేక మర్నాడు ఆఫీసుకే రాడు. ‘స్పోర్టివ్’ అన్న మాట ఎప్పుడూ ఎదుటివాళ్ళ కోసమేనని ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేదు.

కానీ అక్కడే సిరీస్ వెనకడుగు వేస్తుంది. మైకేల్ తిరిగొచ్చి ఒక్కొక్కరినీ వరసబెట్టి వెక్కిరిస్తాడు, స్టాన్లీ పగలబడి నవ్వుతాడు, అంతా సర్దుకుంటుంది. మోగిన పరికరం సంగతి మనమూ మర్చిపోతాం. పాపం, మనసు మంచిది అనేస్తాం. బ్రిటిష్ వెర్షన్ ఇంత సులువుగా వదలదు. అక్కడ బ్రెంట్ ఉద్యోగం పోయి ప్రాధేయపడతాడు. 2003 క్రిస్మస్ ఎపిసోడ్‌లో, తన స్నేహితుడైన నోటిదురుసు ఫించ్ ఒకామె గురించి కూతలు కూస్తే, మొదటిసారి అతన్ని పొమ్మంటాడు. బ్రెంట్ మారింది ఎవరో నవ్వినందుకు కాదు, తనే నవ్వడం మానేసినందుకు.

మరి జిమ్? అతని పక్కచూపు మనందరికీ ఇష్టం. కానీ కెమెరా వైపు చూడటం ఓదార్పే తప్ప మందు కాదు. మేనేజర్ లేని ఇంకో వాట్సాప్ గ్రూప్ లాంటిదది. చెప్పాల్సిన మాట చెప్పే హెచ్ఆర్ టోబీని సిరీస్ కూడా నవ్వులపాలే చేసింది. లైంగిక ధ్వని ఉన్న మాటల్ని మన 2013 చట్టం వేధింపుగానే చూస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలంటుంది. ఆ కమిటీని నవ్వులాట చేసిన ఆఫీసులో, మైకేల్ అభిమానిగా ఉండటం అంత అమాయకమైన విషయం కాదు.

అలాగని నిశ్శబ్దం కోరుకోవడం లేదు. డోనాల్డ్ రాయ్ 1959లో రాసిన ‘బనానా టైమ్’ అనే వ్యాసం గుర్తుచేసుకోవాలి. ఒక ఫ్యాక్టరీ గదిలో మెషీన్ల మీద రోజంతా ఒకే పని చేసే కొందరి గురించి అది. వాళ్ళలో స్వయంగా రాయ్ కూడా ఒకడు. రోజూ ఒకే మనిషి తెచ్చుకున్న అరటిపండుని ఇంకొకడు దొంగిలించి, కేకేసి మరీ తింటాడు. ఆ పిచ్చి సరదాలే ఆ పనిని భరించేలా చేశాయి. అయితే ఒకరోజు జార్జ్ వియ్యంకుడైన ప్రొఫెసర్ మీద వేసిన జోక్ హద్దు దాటింది. జార్జ్ మాట్లాడటం మానేశాడు. గది మొత్తం మూగబోయింది. అరటిపండు మీద రోజూ నవ్వొచ్చు. ఒక మనిషి పరువుగా దాచుకున్నదాని మీద నవ్వితే మాత్రం సరదా అంతా కూలిపోతుంది.

గొంతు పెద్దదా చిన్నదా అన్నది కాదు తేడా. అవతలివాడు అంతే గట్టిగా తిరిగి అనగలడా? ‘ఇక చాలు’ అంటే ఆగుతుందా? ఈ రెండూ ఉంటే అది స్నేహం. లేకపోతే మనం చెయ్యగలిగినది చిన్నదే అయినా గట్టిది: నవ్వకపోవడం. తర్వాత ఎవరూ లేనప్పుడు పిలిచి, “నా యాస గురించి ఇంకెప్పుడూ అనకు” అని మామూలు గొంతుతో చెప్పడం. పక్క సీటువాడి మీద జోక్ పడినప్పుడు కూడా ఆ పని మనదే. స్టాన్లీకి ఉన్న పరికరం వాడి దగ్గర ఉండదు కదా.