గోడల లోపలి లెక్క : గ్లెనోకిల్ పరిశోధనపై ఒక విమర్శ

ఒక ఊరిలో కలరా ఎంతమందికి సోకినదో లెక్కించుట శ్రమతో కూడిన పనియే గాని అసాధ్యము కాదు. రోగి దాగడు, అతని ఇంటివారు దాచరు. కాని రోగము తెచ్చిపెట్టిన అలవాటే నేరమైనప్పుడు, రోగి ఉన్నచోటు కారాగారమైనప్పుడు, లెక్కకు వచ్చిన డాక్టరు ఎదుట అతడు నోరు విప్పునా? విప్పినచో ఎంతవరకు విప్పును? మాదకద్రవ్యములను సూదితో నరములోనికి ఎక్కించుకొనువారిలోను, ఖైదీలలోను ఎచ్.ఐ.వి. ఎంత వ్యాపించినదని వివిధ దేశములలో జరిగిన పరిశోధనలన్నిటికి మూలమున ఈ ప్రశ్నయే ఉన్నది. వానిలో చిన్నదైనను మిక్కిలి పేరుపొందిన ఒక దానిని తీసికొని, అది ఏమి చెప్పినదో, ఏమి చెప్పజాలకపోయినదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

గ్లెనోకిల్ స్కాట్లండు మధ్యభాగమున ఉన్న ఒక పురుషుల కారాగారము. 1993 ప్రథమార్ధమున అక్కడి ఖైదీలలో కొందరికి హెపటైటిస్ బి, మరికొందరికి ఎచ్.ఐ.వి. కనబడెను. ఈ రెండును రక్తము ద్వారా సోకునవే గనుక ఒకే కారణమును అనుమానించిరి. అవ్రిల్ టేలర్, డేవిడ్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు జరిపిన విచారణ ఫలితములు 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినవి.

ముందుగా రోగము వ్యాపించు విధమును గూర్చి ఒక మాట. సూది నరములో దిగినదో లేదో చూచుకొనుటకు అలవాటుపడినవారు పిచికారి కాడను కొద్దిగా వెనుకకు లాగుదురు; అందులోనికి రక్తము వచ్చును. మందు ఎక్కించిన తరువాతను సూది మొదట, పిచికారి అడుగున కొంత రక్తము మిగిలిపోవును. నీటితో ఒకసారి కడిగినంత మాత్రమున అది పూర్తిగా పోదు. చల్లని తావులో అట్టి రక్తములో వైరసు కొన్ని వారముల వరకు బ్రతికి ఉండగలదని తరువాతి ప్రయోగములు చూపినవి. అంతే గాక వైరసు సోకిన మొదటి వారములలో రక్తమునందు దాని సంఖ్య మిక్కిలి హెచ్చుగా ఉండును. అప్పటికి రోగికే తన సంగతి తెలియదు. బయట ఊరిలో సిరంజి కొనుక్కొనవచ్చును. జైలులో ఒక సిరంజి దొరకుటయే గొప్ప. కాబట్టి అది చేతులు మారును. నిప్పు పడిన గడ్డివామునకును దీనికిని భేదము లేదు.

ఇక అంకెలు. విచారణ నాటికి కారాగారములో 378 మంది ఉండిరి. వారిలో 227 మంది సలహాదారులతో మాట్లాడుటకు అంగీకరించిరి. ఆ 227 మందిలో 162 మంది రక్తపరీక్ష చేయించుకొనిరి. వారిలో 12 మందికి ఎచ్.ఐ.వి. ఉన్నట్లు తేలెను. మాట్లాడినవారిలో 76 మంది జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సూదితో మాదకద్రవ్యము తీసికొన్నవారు. అందులో 33 మంది గ్లెనోకిల్ గోడల లోపలనే తీసికొన్నామని ఒప్పుకొనిరి. ఈ 33 మందిలో 32 మంది ఇతరులు వాడిన సూదులు వాడిరి. పరీక్షలో దొరికిన 12 మందియు ఈ 33 మందిలోనివారే! ఆ గుంపు వెలుపల ఒక్కడును లేడు. రెండు నెలలకు ముందు మరి ఇద్దరికి ఈ రోగము బయటపడి ఉండెను. వారిని కూడ కలిపి మొత్తము 14 మంది.

తరగతిలో ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి శాతము కట్టమంటిని. సగము మంది 12ను 162తో భాగించి ఏడు శాతమునకు పైన వచ్చినదనిరి. కొందరు 378తో భాగించి మూడు శాతమనిరి. వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి మాత్రము 33తో భాగించి ముప్పదియారు శాతమనెను. లవము ఒక్కటే, హారము మారినకొలది రోగము సాధారణమైనదిగాను, స్వల్పమైనదిగాను, భయంకరమైనదిగాను కనబడుచున్నది. మూడు లెక్కలును తప్పు కావు. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము. 378తో భాగించుట అన్నిటికంటె ప్రమాదకరము. ఏలయనగా పరీక్ష చేయించుకొనని 216 మందికిని రోగము లేదని అది మౌనముగా ఒప్పుకొనుచున్నది.

ఆ 216 మంది ఎవరు? ఈ పత్రమునకు నేను చెప్పదలచిన మొదటి లోపము ఇక్కడనే ఉన్నది. పరీక్షకు రానివారు భయములేనివారా, లేక ఎక్కువ భయము ఉన్నవారా? అపాయకరమైన పని ఏదియు చేయనివాడు నాకెందుకని రాకపోవచ్చును. అన్నియు చేసినవాడు తెలిసిపోవునేమో అని రాకపోవచ్చును. మొదటి వాడు లెక్కను హెచ్చు చేయును, రెండవవాడు తగ్గించును. ఏది ఎంతయో ఆ విచారణలోని అంకెలనుండి తేల్చుటకు వీలులేదు. పైగా విచారణకు ముందే విడుదలైనవారు, వేరొక జైలునకు మారినవారు ఈ 378లో చేరనే లేదు. జైలు చెరువు కాదు, కాలువ. ఒక ప్రక్కనుండి వచ్చువారు, మరొక ప్రక్కకు పోవువారు ఎప్పుడును ఉందురు. పోయినవారితో పాటు వైరసు కూడ పోయి ఉండవచ్చును.

ఇంత లోపమున్నను ఈ పత్రమును నేను గొప్పదియే అందును. కారణము చెప్పెదను. జైలుకు పోయి వచ్చినవారిలో ఎచ్.ఐ.వి. హెచ్చుగా ఉన్నదని అంతకుముందే బాంకాక్ నగరపు పరిశోధనలు చూపినవి. ఆ నగరములో 1988 మొదట సూదిమందు తీసికొనువారిలో ఈ రోగము నూటికి ఒకరికి అన్నంతగా ఉండి, సంవత్సరము తిరుగకముందే నూటికి ముప్పదికి మించిపోయెను. జైలువాసము దీనికి ఒక కారణమని పలువురు తలచిరి. కాని ఎక్కువ తరచుగా సూది పట్టువాడే ఎక్కువ తరచుగా పోలీసులకు చిక్కును. అట్లైన రోగము జైలులో సోకినదా, రోగము తెచ్చిన అలవాటే అతనిని జైలునకు పంపినదా? రెండు విషయములు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. ఈ ముడిని గ్లెనోకిల్ విప్పినది. ప్రతి ఖైదీ జైలులో అడుగుపెట్టిన తేదీని, అతనికి లోగడ జరిగిన పరీక్షల ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి, వైరసు సోకిన కాలమున ఇతడు గోడల లోపలనే ఉండి తీరవలెను అని ఎవరిని గూర్చి చెప్పవచ్చునో వారినే లెక్కించిరి. అట్టివారు 8 మంది. మిగిలిన ఆరుగురిని గూర్చి, అనుమానము ఎంత బలముగా ఉన్నను, పరిశోధకులు ఆ మాట అనలేదు. తెలిసినదానికి తెలియనిదానికి మధ్య గీత గీచి, గీతకు ఇవతలనే నిలిచిన ఈ నిగ్రహము విద్యార్థులు గమనింపదగినది.

ఆ నిగ్రహము వృథా కాలేదు. 1997లో అదే పత్రికలో మరొక వ్యాసము వచ్చినది. ఆ ఖైదీల రక్తములోని వైరసుల జన్యువుల అమరికను పోల్చి చూడగా 14 మందిలో 13 మందికి సోకినది దాదాపు ఒకే వంశపు వైరసు అని తేలెను. ఎచ్.ఐ.వి. శీఘ్రముగా మారు స్వభావము గలది. కనుక ఇంత పోలిక ఉన్నదనగా అవి అన్నియు ఇటీవలనే ఒక మూలమునుండి వచ్చి ఉండవలెను. ఎనిమిది అన్నది కనిష్ఠసంఖ్య అని ఇట్లు ఋజువైనది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. ఇట్టి వంశవృక్షము దగ్గరి బంధుత్వమును చూపును గాని, ఎవరినుండి ఎవరికి పోయినదో చూపదు. మధ్యలో మూడవవాడు ఉండి ఉండవచ్చును.

మొదటి విచారణకు ఒక సంవత్సరము తరువాత, 1994 జూలైలో, షీలా గోర్ మొదలగువారు అదే కారాగారములో మరొక పద్ధతిలో లెక్క తీసిరి. పేరు వద్దు, రక్తము వద్దు. లాలాజలము, పేరు వ్రాయని ఒక ప్రశ్నపత్రము మాత్రము చాలుననిరి. 352 మందిలో 295 మంది ముందుకు వచ్చిరి! అనగా నూటికి 84. మొదటి విచారణలో పరీక్ష చేయించుకొన్నవారు 378లో 162, నూటికి 43 మాత్రమే. కాలము వేరు, ఖైదీలలో కొందరు వేరు అయినను, పేరు చెప్పనక్కరలేదు అన్న ఒక్క మాటకు ఎంత బలమున్నదో ఈ రెండు అంకెలు చెప్పుచున్నవి. లాలాజలములో ఏడుగురికి వైరసు జాడ కనబడెను. సూది పట్టిన ఖైదీలలో దాదాపు నాల్గవవంతు మంది తాము మొట్టమొదట సూది పట్టినది గ్లెనోకిల్‌లోనే అనిరి. జైలు ఈ అలవాటును మాన్పించునని నమ్మువారు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను.

పేరులేని పరీక్షకును ఒక లోపము లేకపోలేదు. ఆ ఏడుగురు ఎవరో పరిశోధకులకు తెలియదు. కాబట్టి ఫలితము రోగికి అందదు. మొదటి పద్ధతిలో 12 మందికి తమ సంగతి తెలిసినది, వైద్యమునకు దారి దొరకినది. లెక్క సరిగా రావలెనన్న పేరు అడుగరాదు. మనిషికి మేలు జరుగవలెనన్న పేరు అడుగవలెను. ఈ రెంటిలో ఏది మేలని ఒక్క మాటలో తేల్చువారిని నేను నమ్మను.

పేరు చెప్పినవారి గతి ఏమైనది? పరిశోధనకు రక్తమిచ్చినప్పుడు ఖైదీలకు, ఈ సంగతి గోప్యముగా ఉండునని మాట ఇచ్చిరి. అట్లు ఇచ్చినవారిలో ఒకడు విడుదలైన తరువాత ఒక స్త్రీకి ఎచ్.ఐ.వి. అంటించినాడని అతనిపై కేసు నడచినది. పోలీసులు వారంటు చూపి పరిశోధకుల వద్ద ఉన్న సమాచారమును తీసికొనిరి. అది ప్రాసిక్యూషను సాక్ష్యములో ఒక భాగమాయెను. 2001లో గ్లాస్గోలోని హైకోర్టు అతనికి శిక్ష విధించినది. ఆ స్త్రీకి జరిగిన అన్యాయము చిన్నది కాదు. న్యాయస్థానమును తప్పుపట్టుట నా పని కాదు. కాని పరిశోధన దృష్టితో చూచినచో అక్కడ ఒక మాట తప్పినది. అదే సంవత్సరము షీలా బర్డ్ (పైన చెప్పిన గోర్ ఈమెయే), ఆండ్రూ లీ బ్రౌన్ అదే పత్రికలో వ్రాయుచు, ఇట్టి శిక్షల వలన జనులు పరీక్షకు వెనుకాడుదురని హెచ్చరించిరి. లీ బ్రౌన్ 1997 నాటి జన్యు పరిశోధనలో పాల్గొన్నవాడే. తాము సేకరించిన సమాచారమునకు పట్టిన గతిని చూచి వ్రాసిన మాటలు గనుక వానికి బరువు హెచ్చు.

1995 నాటి పత్రములో గోప్యతను గూర్చి విస్తారమైన చర్చ లేకపోవుట రెండవ లోపముగా నేను ఎంచుదును. ఇది తరువాతి సంగతి తెలిసి చెప్పుచున్న మాట అని ఆక్షేపింపవచ్చును. నిజమే. అయినను కారాగారములో, శిక్షార్హమైన పనిని గూర్చి, తాళము చెవులు చేతనున్నవారి నడుమ ప్రశ్నలు అడుగునప్పుడు, ఈ కాగితము రేపు ఎవరి చేతిలో పడును అన్న ప్రశ్న మొదటి దినముననే పుట్టవలసినది.

ఇప్పుడు ప్రపంచ పటము వంక చూడుడు. 2008లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారము ప్రపంచములో సూదిమందు తీసికొనువారు 1 కోటి 59 లక్షలు, వారిలో ఎచ్.ఐ.వి. ఉన్నవారు 30 లక్షలు. ఈ 30 లక్షలు అన్న అంకె అందరి నోట నానినది. దాని ప్రక్కన పరిశోధకులు వ్రాసిన ఎల్లలు మాత్రము ఎవ్వరికిని గుర్తులేవు: 8 లక్షల నుండి 66 లక్షల వరకు! ఒక కొన మరొక కొనకు ఎనిమిది రెట్లు. 2016లో కేట్ డోలన్ మొదలగువారు అదే పత్రికలో వ్రాసిన వ్యాసము ప్రకారము 2014లో ఏ ఒక్క దినమున చూచినను ప్రపంచములో 1 కోటి 2 లక్షల మంది నిర్బంధములో ఉండిరి. వారిలో నూటికి 3.8 మందికి, అనగా 3 లక్షల 89 వేల మందికి ఎచ్.ఐ.వి. ఉండెను. ఈ పెద్ద అంకె ఆకాశమునుండి ఊడిపడలేదు. గ్లెనోకిల్ వంటి గదులలో, ఒక నర్సు, ఒక ఖైదీ ఎదురెదురుగా కూర్చుండి నింపిన కాగితములే దానికి ఇటుకలు. లెక్కలు దొరకని దేశములకు దొరకిన దేశముల లెక్కను సరిపుచ్చిరి. వేరు మార్గము లేదు గనుక వారిని నిందింపలేము. కాని 3 లక్షల 89 వేలు అని చదువునప్పుడు చివరి 9 వేలను అంత గట్టిగా పట్టుకొనరాదు.

మన దేశమునకు ఈ విషయము దూరమైనది కాదు. 1989 చివర మణిపూరులో సూదిమందు తీసికొనువారిలో కనబడిన ఎచ్.ఐ.వి. కొద్ది నెలలలోనే వారిలో సగము మందికి అంటుకొనెను. తెలుగుదేశమున ఈ రోగము ముఖ్యముగా వేరు మార్గమున, స్త్రీపురుష సంబంధము ద్వారా వ్యాపించినందున, సూది సంగతి మన పాఠములలో ఒక్క పంక్తితో ముగియుచున్నది. 2021 నాటి జాతీయ గణనలో సూదిమందు తీసికొనువారిలో నూటికి 9.03, కేంద్ర కారాగారముల ఖైదీలలో నూటికి 1.93, గర్భిణీ స్త్రీలలో నూటికి 0.22 వంతున ఎచ్.ఐ.వి. తేలినది. ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి, ఒక్కొక్క దాని హారములో ఎవరు చేరిరి, ఎవరు చేరలేదని విద్యార్థులను అడిగినచో ఒక గంట పాఠము తానే నడచును.

నివారణ సంగతి కొద్దిలో చెప్పెదను. స్విట్జర్లండులోని హిండెల్‌బాంక్ స్త్రీల కారాగారములో 1994లో శుభ్రమైన సిరంజిలను యంత్రముల ద్వారా అందజేసిరి. సూదులు పంచుకొనుట దాదాపు నిలిచిపోయినది. సిరంజిని ఆయుధముగా వాడుదురన్న భయము నిజము కాలేదు. స్కాట్లండు అంత దూరము పోక, సూదులు శుద్ధి చేసికొనుటకు బిళ్ళలు పంచినది.

మన దేశములో 2017 నాటి ఎచ్.ఐ.వి. చట్టము, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది, అంగీకారము లేనిదే పరీక్ష చేయరాదనియు, ఫలితమును వెల్లడింపరాదనియు శాసించుచున్నది. అయితే న్యాయము కొరకు అవసరమని న్యాయస్థానము ఉత్తర్వు ఇచ్చినచో వెల్లడింపవలసియే ఉండును. గ్లెనోకిల్ ఖైదీకి మాట ఇచ్చినవారు ఇట్టి తలుపు ఒకటి ఉన్నదని అతనికి చెప్పి ఉండినచో, అతడు చేయి చాచి రక్తమిచ్చియుండునా? 162 అన్న ఆ హారము ఎంతకు దిగియుండునో ఊహింపుడు.