దండీలు, ముద్గరాలు, పదిహేను సెకండ్ల పరీక్ష

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వాడల్లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్నాయి. పన్నెండు గంటల పాళీ చేసే కుర్రాడికి మళ్లీ కసరత్తు దేనికి, పనిలో ఒళ్లు హూనమవుతోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఒళ్లు అలసిపోవడం వేరు, ఒళ్లు తయారవడం వేరు. తెగిన పోగు ముడి వేయడానికి సాంచా మీదికి వంగి చేతులు చాచడంలో భుజం తిరిగే మేర చిన్నది, నడుం వంపు ఎప్పుడూ ఒకటే. చేతిని తల పైకో వీపు వెనక్కో తిప్పాల్సిన అవసరం ఆ పనిలో దాదాపు రాదు. ఆ లోటు పూడ్చే సాధన మన తాలింఖానాల్లోనూ గుజరాత్ అఖాడాల్లోనూ ఎప్పటినుంచో ఉంది. దానికి లేనిదల్లా సరైన కొలత. ఆ కొలతను ఇవాళ్టి ఫిజియోథెరపీ నుంచి తెచ్చుకోవాలన్నదే నా వాదన.

భుజం ఎంత స్వేచ్ఛగా తిరుగుతుందో అంత బలహీనమైన కీలు. దాని గిన్నె లోతు తక్కువ. రెక్క ఎముక పక్కటెముకల మీద కండరాల పట్టుతోనే నిలుస్తుంది. ఆ పట్టుకు ఆధారం మొండెం. 1990లలో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చేసిన ప్రయోగాల్లో, చెయ్యి ఎత్తే భుజకండరం కన్నా ముందే పొట్ట లోపలి అడ్డకండరం బిగుసుకోవడం కనిపించింది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో ఆ బిగింపు ఆలస్యమైంది. దీన్నిబట్టి చికిత్స ఎలా ఉండాలన్న దానిపై తర్వాత చాలా తగవులు నడిచాయి గానీ, చెయ్యి కదిలేలోపే మొండెం సిద్ధపడుతుందన్న అసలు సంగతి నిలిచింది.

ఇప్పుడు దండీ తీసే తీరు గమనించండి. నడుం పైకెత్తి, అరచేతులూ మునివేళ్లూ నేలకు ఆనించి మొదలుపెడతారు. ఛాతీని రెండు చేతుల మధ్యగా నేలకు దగ్గరగా జార్చి, తల పైకెత్తి, మళ్లీ వెనక్కి వస్తారు. చేతులు నేలను వదలవు, దేహమే భుజాల మీద ప్రయాణిస్తుంది. మామూలు పుషప్‌లో లేని తల పైమేర ఇందులో ఉంది. ముద్గరం పని ఇంకా సూక్ష్మం. బరువంతా పిడికి దూరంగా, లావు కొసన ఉంటుంది. అది భుజం మీదుగా వీపు వెనక్కి జారేటప్పుడు భుజం లోపలి చిన్న కండరాలు దాన్ని ఆపుతూ ఆపుతూ వదలాలి, మొండెం పక్కకు తిరిగిపోకుండా కాచుకోవాలి. కొత్తవాడి లోపం ఆ క్షణంలోనే బయటపడుతుంది: కింది పక్కటెముకలు ముందుకు పొడుచుకొస్తాయి, నడుం విల్లులా వంగుతుంది. భుజం చేయలేనిది నడుం చేస్తోందన్నమాట. ఈ ముద్గరాల సాధనను ఆంగ్లేయులు 19వ శతాబ్దంలో తమ దేశానికి పట్టుకెళ్లారు. అక్కడ క్లబ్బులన్న ఈ ముద్గరాలను తిప్పడం 1904, 1932 ఒలింపిక్స్‌లో పోటీ అంశం కూడా అయింది.

అయితే మన గరిడీల్లో గొప్పతనానికి గుర్తు ఎప్పుడూ సంఖ్యా, బరువూ. ఎన్ని వందల దండీలు, ఎంత బరువు ముద్గరం అన్నదే లెక్క. ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్న కోడి రామమూర్తి మనకు గర్వకారణమే, కాదనను, కానీ ఆ కొలమానం ఇరవై ఏళ్ల నేతకార్మికుడికి పనికిరాదు. వాడికి పనికొచ్చే పరీక్ష ఫిజియోథెరపీలో ఒకటుంది. నేల మీద 36 అంగుళాల ఎడంలో రెండు టేపు గీతలు వేస్తారు. పుషప్ భంగిమలో గీతకొక చెయ్యి పెట్టి, ఒక చేత్తో రెండో చేతిని తాకి వెనక్కి రావాలి, తర్వాత రెండోది. 15 సెకండ్లలో ఎన్ని తాకుళ్లో లెక్కించి, 45 సెకండ్ల విరామంతో మూడుసార్లు చేయించి సగటు తీస్తారు. చెయ్యి లేచిన ప్రతిసారీ బరువంతా ఒక్క భుజం మీద పడుతుంది. అప్పుడు నడుం పక్కకు ఊగిందా లేదా అన్నది అంకె కన్నా ముఖ్యం.

ఈ పరీక్షలో లోపాలు లేకపోలేదు. పొట్టివాడికీ పొడుగువాడికీ అదే 36 అంగుళాలు కావడం న్యాయం కాదు. మంచి అంకె వచ్చినంత మాత్రాన గాయం రాదని హామీ లేదు. అందుకే పక్కవాడితో పోల్చడానికి కాక, ఆర్నెల్ల కిందటి తనతో తనను పోల్చుకోవడానికే దాన్ని వాడాలి. దండీలు భుజాలను పాడుచేస్తాయన్న ఫిర్యాదులోనూ కొంత నిజముంది. అలిసిపోయాక మోచేతులు పక్కలకు ఎడంచేసి, నడుం వేలాడేసి లెక్క పూర్తిచేసేవాళ్లకు నొప్పి వస్తుంది. ఆ తప్పు సంఖ్యా వ్యామోహానిది. రూపం చెడిన దండీని లెక్కలోంచి తీసేస్తే చాలు. నొప్పి ఉన్నవాడు ముందు వైద్యుడికి చూపించుకోవాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

మిగిలిన అభ్యంతరం ఒక్కటే, తీరిక. రాత్రిపాళీ దిగినవాడిని అఖాడాకు రమ్మనడం దౌర్జన్యమే. పాళీ ఎక్కేముందు పది నిమిషాలు, తేలికపాటి ముద్గరం, పది పదిహేను శుభ్రమైన దండీలు, వారానికి మూడు రోజులు. అంతకన్నా ఎక్కువ అడిగే ఉస్తాదు ముందు ఆ కుర్రాడి నిద్ర ఎంతో కనుక్కోవాలి.