లాకున్నవాడి కష్టాలు

పాత డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ వెనక, పోర్టుకీ ప్రింటర్ కేబులుకీ మధ్య, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి ఉండేది. లాకు అనేవాళ్లం దాన్ని. తెలుగు సాఫ్ట్‌వేర్ డబ్బిచ్చి కొన్నవాళ్లకి సీడీతో పాటు ఇదీ ఇచ్చేవారు. లాకు కనిపిస్తేనే తెలుగు టైపవుతుంది. రాత్రి షాపు కట్టేటప్పుడు కొందరు ఓనర్లు దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, లాకు పోతే మళ్లీ మొత్తం ధర కట్టమంటారేమోనని వాళ్ల భయం.

పక్క వీధిలో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నవాడికి ఈ బెంగ లేదు. విండోస్, పేజ్‌మేకర్, ఫొటోషాప్, తెలుగు ఫాంట్లు అన్నీ క్రాక్ చేసినవి షాపువాడే వేసి పంపేవాడు. పోర్టు పాడైందా, డ్రైవరు పోయిందా, తుడిచేటప్పుడు లాకు కదిలిందా అని పొద్దున్నే తల పట్టుకునేది బిల్లు కట్టినవాడే. అసలు లాకుని బీరువాలో భద్రంగా పెట్టుకుని, క్రాక్‌తో పని నడిపినవాళ్లు నాకు తెలుసు. వాళ్లని దొంగలనడానికి నాకు నోరు రాదు.

అమ్మేవాడి కడుపుమంటా చిన్నది కాదు. తన బేసిక్ ప్రోగ్రాముని ఆల్టెయిర్ కంప్యూటర్ల ఔత్సాహికులు కాపీలు కొట్టుకుంటున్నారని బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాసింది 1976లో. ఆ కంప్యూటరున్న వాళ్లలో ప్రోగ్రాము కొన్నవాళ్లు పది శాతం కూడా లేరని ఆయన వాపోయాడు. మన భాషలో అయితే గిరాకీ ఇంకా తక్కువ, చాకిరీ ఇంకా ఎక్కువ. గుణింతాలు, ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడకుండా అక్షరాలు గీయడం ఎంత పనో గీసినవాడికే తెలుస్తుంది. ఆ కష్టాన్ని ఊరికే వాడుకోవడం తప్పే. కానీ లాకు ఆ తప్పుని ఆపలేదు. చిత్రమేమిటంటే, అసలు నష్టం ఆలస్యంగా బయటపడింది.

పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. ఇప్పుడు అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ తెలుగు దానికి రాదు. అందుకని మన ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు సంపాదిస్తే చదవడం వరకు కుదురుతుంది. ఒక్క అచ్చుతప్పు దిద్దాలంటే మాత్రం ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి లాకు కావాలి, లాకుకి పాత పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే లేదు. రెండో ముద్రణ వేద్దామని ఉత్సాహంగా వచ్చిన రచయితకి, పుస్తకం మొత్తం మళ్లీ టైపు చేయించాలని చెప్పాల్సి వస్తోంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, వాటి చేతిలో పడ్డ ఒత్తులకి మళ్లీ ప్రూఫులు చూడక తప్పదు.

చట్టం కొన్నవాడి మీద కాస్త దయగానే ఉంది. సాఫ్ట్‌వేర్ పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అంటుంది. 2012లో చేర్చిన 65ఎ ప్రకారం, హక్కులు కాజేసే ఉద్దేశంతో రక్షణ ఛేదిస్తేనే నేరం. కాపీ తీసుకునే హక్కుంది సరే, లాకు లేకుండా ఆ కాపీ నడవదు కదా. తాళంచెవి ఇచ్చి తీరాలని కంపెనీకి ఏ సెక్షనూ చెప్పదు.

దారి లేకపోలేదు. తన సీఎస్2 సాఫ్ట్‌వేర్‌కి అనుమతులిచ్చే సర్వర్లని మూసేసినప్పుడు, యాక్టివేషన్ అక్కర్లేని కాపీలని ఫొటోషాప్ కంపెనీ అడోబీ 2013లో అందుబాటులో పెట్టింది. పాత కొనుగోలుదార్ల కోసమే అంది. కొననివాళ్లూ దించుకున్నారు, అయినా అడోబీ మునిగిపోలేదు.

ఇవాళ మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కొత్త పుస్తకం వేసేవాళ్లు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కూర్పించండి. ముద్రణకి ఇచ్చిన పీడీఎఫ్‌తో పాటు మూల ఫైలునీ ఆపరేటర్ దగ్గర అడిగి తీసుకోండి. పాత తెలుగు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకి నా విన్నపం ఒక్కటే: ఇక అమ్మకాలు లేని వెర్షన్లకి లాకు తీసేసి, బిల్లు చూపించినవాళ్లకి ఇచ్చేయండి.